తుపాకీ నలుపుకు కార్బన్ పెన్సిల్: రెండేళ్ల వాడకం తర్వాత

సైనికుడి బొమ్మలో ముఖం ఎంత కుదిరినా తుపాకీ దగ్గరే పరువు పోతుంది. మామూలు పెన్సిళ్లలో బాగా మెత్తగా, నల్లగా ఉండే 8బీ గ్రాఫైట్‌తో ఎంత రుద్దినా బారెల్ నల్లబడదు, సీసం ముక్కలా మెరుస్తుంది. గ్రాఫైట్ రేకులు నొక్కేకొద్దీ చదునుగా పరుచుకుని వెలుతురును తిప్పికొడతాయి మరి. గ్రాఫైట్‌కు బదులు మసిపొడితో చేసే కార్బన్ పెన్సిల్‌కి ఆ జబ్బు లేదు. రెండేళ్లుగా, భారత సైన్యం కోసం తయారైన ఇన్సాస్ రైఫిల్ పట్టిన జవాన్ల బొమ్మలన్నిటికీ ఇదే. ఆ కాటుక నలుపు చూస్తే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

చిక్కంతా వరసలో ఉంది. అలవాటు కొద్దీ 4బీతో నీడలు వేసి ఆఖర్న కార్బన్ పెడితే అంటుకోదు, జిడ్డు పలక మీద బలపంలా జారుతుంది. గట్టిగా నొక్కితే మొన విరుగుతుంది, కాగితంలో గాడి పడుతుంది. అందుకని గట్టి ములుకున్న హెచ్ పెన్సిల్‌తో తేలిగ్గా రూపు గీసుకుని, అతి నల్లటి చోట్లు ముందే కార్బన్‌తో వేసేయాలి: ట్రిగ్గర్ గార్డు లోపలి నీడ, బారెల్ అడుగు, గుండు ఎక్కించడానికి లాగే పిడి (కాకింగ్ హ్యాండిల్) కదిలే సందు. ఆ తర్వాతే 2బీతో చుట్టూ కలపాలి. కార్బన్ రబ్బరుకు పూర్తిగా లొంగదు కాబట్టి, తుపాకీ పట్టీ మీది కుట్లను అంతకంటే ముందే ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో అదిమి పెట్టుకోవాలి. పైన మెత్తగా షేడ్ చేస్తే అవి తెల్లగా మిగులుతాయి.

కొలత తప్పితే మాత్రం ఏ పెన్సిలూ కాపాడదు. ఇన్సాస్ పొడవు 960 మి.మీ. 170 సెం.మీ. జవానును 25 సెం.మీ.లో గీస్తే, పూర్తిగా పక్కనుంచి కనిపించే రైఫిల్ 14 సెం.మీ. రావాలి. చాలామంది 11 దగ్గరే ఆపేస్తారు.

అన్నిటికీ ఇదే అన్నాను గానీ, 20 గుళ్ల మ్యాగజైన్ జోలికి దీన్ని రానివ్వకూడదు. అది లోపలి గుళ్లు లీలగా కనిపించే ప్లాస్టిక్. అక్కడ హెచ్‌బీ, 2బీ చాలు. ఇంకొకటి, నలుపంతా తుపాకీలోనే ఉంటే అది కత్తిరించి అతికించినట్టుంటుంది. కంటిపాపల్లో, హెల్మెట్ పట్టీ కింద, బూటు మడతల్లో అదే నలుపు చిటికెడు వేస్తే బొమ్మ ఒక్కటవుతుంది.

మొన చెక్కడానికి బ్లేడు, గరుకు కాగితమే మేలు, షార్ప్‌నర్‌లో ముక్కలవుతుంది. అద్దం వేసి ఫ్రేము కట్టించే బొమ్మలకైతే కళ్లు మూసుకుని కొంటాను. స్కెచ్‌బుక్‌లో రోజూ సాధన చేసేవాళ్లకు చెప్పలేను, ఎదురు పేజీ మసి అవుతుంది.