అనుమతి లేని పుస్తకాల పీడీఎఫ్‌లు: ఏళ్ల తరబడి వాడిన పరిశోధకుడి సమీక్ష

చెన్నైలో తెలుగు సాహిత్య చరిత్రపై పరిశోధన చేసినంత కాలమూ, విశ్వవిద్యాలయపు లాగిన్ పోయాక సొంతంగా రాసుకుంటున్న ఈ సంవత్సరాల్లోనూ, అనుమతి లేకుండా పుస్తకాలను పంచే ఒక సైటును విస్తారంగా వాడినందువల్ల దాని మేలూ కీడూ రెండూ చూశాను.

జర్నల్ వ్యాసాల వరకు నాకు పెద్ద అభ్యంతరం లేదు. వ్యాసకర్తకు జర్నల్ పారితోషికం ఇవ్వదు, ఆ పరిశోధనలో చాలా భాగం ప్రజాధనంతోనే సాగుతుంది. అందుకే, కజకిస్తాన్ ప్రోగ్రామర్ అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ 2011లో ప్రారంభించిన, పరిశోధన వ్యాసాలను అనుమతి లేకుండా ఉచితంగా అందించే సైటు సై-హబ్‌ను మన దేశంలో నిలిపివేయాలని ఢిల్లీ హైకోర్టు 2025లో ఆదేశించినప్పుడు పరిశోధకులు ఆందోళన చెందడం న్యాయమే. అదే ఏడాది జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అనే కేంద్ర ప్రభుత్వ పథకం సుమారు 13,000 జర్నళ్లను ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందిస్తోంది గాని, సంస్థ వెలుపల ఉన్న నాలాంటివారికి ఆ తలుపు తెరుచుకోదు.

తెలుగు పరిశోధన గ్రంథాలకు ఈ వాదం వర్తించదు. మనలో చాలామంది వాటిని సొంత డబ్బుతో కొన్ని వందల ప్రతులు మాత్రమే అచ్చు వేయిస్తారు, అవి అమ్ముడుపోతేనే రెండో సంపుటానికి ముద్రణ ఖర్చు సమకూరుతుంది. రచయిత మరణించి 60 ఏళ్లు దాటిన పుస్తకాలు అందరివీ. వాటిని స్కాన్ చేసినవారికి నేను రుణపడి ఉన్నాను. బతికున్న రచయిత పుస్తకం దుకాణంలో దొరుకుతుండగానే పీడీఎఫ్ చేసి పంచితే మాత్రం, నష్టపోయేది మనలాంటి మరో పరిశోధకుడే.

ఇక ప్రతుల నాణ్యత. తెలుగు పుటలు ఎక్కువగా బొమ్మలుగానే ఉంటాయి కనుక వాటిలో పదం వెతకలేము. ముఖపత్రం వెనుక పుట లేకపోతే అది ఎన్నో ముద్రణో తెలియదు, అది తెలియనిదే పుట సంఖ్య ఇచ్చి ఉటంకించలేము. అనుబంధాలు, శాసన పాఠాలు, పదసూచిక తరచుగా ఉండవు. స్కాన్ చేసినవారికి అవి అనవసరంగా తోచాయి కాబోలు, పరిశోధకుడికి ముందుగా కావలసినవి అవే. వీటిని సరిచూసుకోవడానికి ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి వెళ్తున్నాను. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకమూ అక్కడికి చేరాలి. ప్రచురణకర్త పంపనివి అక్కడా దొరకవు కనుక, అలాంటప్పుడు రచయితకే ఫోన్ చేసి డబ్బు పంపుతున్నాను. పుస్తకంతోపాటు, అచ్చయిన తరువాత బయటపడ్డ పొరపాట్ల పట్టికను కూడా కొందరు రాసి పంపారు.