డాయిచ్‌లాండ్ టికెట్: జర్మనీలో చదువుకునేవాళ్లకు ఎక్కడ లాభం, ఎక్కడ దెబ్బ

డాయిచ్‌లాండ్ టికెట్ అంటే జర్మనీ అంతటా లోకల్ బస్సులు, రైళ్లలో తిరగడానికి పనికొచ్చే నెలవారీ పాస్. చదువుకోడానికి జర్మనీ వచ్చేవాళ్లకు ఇది తీసుకోమనే చెప్తాను. అలాగని ఇది కారుచవకేమీ కాదు. 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలై, 2025లో 58కి, 2026 జనవరి నుంచి 63కి ఎక్కింది. అసలు సుఖం వేరే: ఊరిని జోన్లుగా విడగొట్టి టికెట్ రేటు మార్చే గోల ఉండదు. ఊరు మారినప్పుడల్లా ఏ మెషిన్‌లో ఏ టికెట్ కొనాలి, స్టాంప్ వేయాలా వద్దా అన్న బెంగ లేదు. బస్సు, ట్రామ్, యూ-బాన్ (మెట్రో), ఎస్-బాన్ (సబర్బన్ రైలు), ఆర్‌ఈ (ఊళ్ల మధ్య తిరిగే రీజనల్ రైలు), ఏదొస్తే అది ఎక్కేయడమే.

కొనేముందు యూనివర్సిటీలో అడగండి. చాలాచోట్ల ఇదే టికెట్ స్టూడెంట్ రేటుకు సెమిస్టర్ ఫీజులోనే కలిసి వస్తుంది. అది చేతిలో ఉండగా విడిగా కొంటే 63 యూరోలు బూడిదలో పోసినట్టే.

పాస్ అంటున్నాం గానీ ఇది సబ్‌స్క్రిప్షన్. ఆపేదాకా నెలనెలా అకౌంట్లోంచి కోత పడుతూనే ఉంటుంది. ఆపాలంటే ఆ నెల 10వ తేదీలోపే క్యాన్సిల్ చేయాలి. 11న చేస్తే వచ్చే నెల డబ్బు కూడా పోయినట్టే. సెలవులకు ఇండియా వెళ్లేవాళ్లు ఫ్లైట్ బుక్ చేసిన రోజే ఈ పనీ చూసుకోవాలి. ఇంకో చిక్కు, కొత్తవాళ్లకు అక్కడ క్రెడిట్ చరిత్ర (అప్పులు, బిల్లులు సరిగా కట్టిన రికార్డు) ఉండదు గనుక కొన్ని సంస్థలు అప్లికేషన్ తిప్పికొడతాయి. అప్పుడు బ్యాంకు కార్డుతో డబ్బు తీసుకునే మరో ఊరి రవాణా సంస్థ యాప్‌లో కొన్నా దేశమంతా చెల్లుతుంది.

దూరప్రయాణాల ఫాస్ట్ రైళ్లయిన ఐసీఈ, ఐసీలలో ఈ టికెట్ చెల్లదు. జర్మన్ రైల్వే యాప్ డీబీ నావిగేటర్‌లో లోకల్ రైళ్లు మాత్రమే చూపించేలా పెట్టుకోకపోతే పొరపాటున వాటిలో ఎక్కేస్తారు. బెర్లిన్ నుంచి మ్యూనిక్‌కు ఐసీఈ సుమారు 4 గంటల్లో వెళ్తుంది. రీజనల్ రైళ్లు మారుతూ పోతే 9 గంటలు దాటుతుంది. మారడానికి 4 నిమిషాలే చూపించే రూటును నమ్మొద్దు, కనీసం 15 ఉండాలి. గంటకు పైగా ఆలస్యమైతే ఇచ్చే పరిహారం 1.50 యూరోలు. అదీ మొత్తం 4 యూరోలకు చేరితేనే చేతికొస్తుంది, అంటే 3 ఆలస్యాలు పోగేసుకోవాలి!

మ్యూనిక్ ఎస్-బాన్ ఎస్1 లాంటి రైళ్లు దారిలో రెండుగా విడిపోతాయి. నోయ్‌ఫార్న్ దగ్గర ఒక ముక్క ఎయిర్‌పోర్టుకు, రెండోది ఫ్రైజింగ్‌కు. రైలు నంబరొక్కటే చూసి ఎక్కితే చాలదు, ఎక్కే పెట్టె మీది బోర్డు చదవాలి.

చెకింగ్‌లో స్క్రీన్‌షాట్ ఒప్పుకోరు. యాప్‌లోని టికెట్, ఫొటో ఐడీ రెండూ చూపాలి. ఫోన్ ఆగిపోతే 60 యూరోల జరిమానా రాస్తారు. తర్వాత టికెట్ చూపించుకుంటే చాలాచోట్ల 7 యూరోలతో వదిలేస్తారు.