శరణార్థులను గురించిన కుటుంబ పాఠాల సంచి: ఆరు వారాలు వాడిన తరువాత

శరణార్థుల గురించి ఇంటిల్లిపాదీ కుటుంబ ప్రార్థన వేళ కలిసి తెలుసుకోవాలనే ఉద్దేశంతో విశాఖపట్నంలోని ఒక సంఘం తెలుగులో తయారుచేసిన పాఠాల సంచిని మా ఇంట్లో ఆరు వారాలపాటు వాడాము. వెల 250 రూపాయలు. అందులో 48 పేజీల పుస్తకం, ఒక ప్రపంచ పటం, 20 ప్రార్థన కార్డులు ఉన్నాయి. మేమిద్దరం, పదమూడేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి, మా అత్తగారు ప్రతి శనివారం రాత్రి భోజనాలయ్యాక కూర్చుని ఒక్కో పాఠం చదివాము.

మొదటి పాఠం మత్తయి సువార్త రెండవ అధ్యాయం. హేరోదు రాజు చంపించబోతున్నాడని తెలిసి యోసేపు రాత్రివేళ శిశువైన యేసునూ తల్లి మరియనూ తీసుకుని ఐగుప్తుకు వెళ్లిపోయిన ఘట్టాన్ని మనం ఏటా క్రిస్మస్ నాటికలో ఒక్క నిమిషంలో దాటించేస్తాము. ఈ పుస్తకం అక్కడే ఆగి, ఆ కుటుంబం ఐగుప్తులో ఏ భాష మాట్లాడి ఉంటుంది, యోసేపుకు పని ఎవరు ఇచ్చి ఉంటారు అని అడుగుతుంది. జవాబులు వాక్యంలో లేవని కూడా నిజాయితీగా చెబుతుంది. మా అబ్బాయి ఆ వారమంతా వడ్రంగి పనిముట్లు మోసుకెళ్లారా లేదా అని అడుగుతూనే ఉన్నాడు.

ఈ సంచిలో అన్నింటికన్నా విలువైనది రెండవ పాఠం. ఇల్లు విడిచిపోవడానికి పది నిమిషాలే ఉన్నాయనుకుని, ఒక్కొక్కరు ఒక బడిసంచిలో పట్టినంత సర్దుకోవాలి. అబ్బాయి ఫోను చార్జరూ క్రికెట్ బంతీ పెట్టుకున్నాడు, అమ్మాయి మార్కుల జాబితాలూ ఆధార్ కార్డులూ వెతికింది, నేను బీరువాలోని బంగారం తీశాను. పేజీ తిప్పితే, సరిహద్దులో మీ సంచి సోదా చేసి విలువైనవన్నీ తీసేసుకున్నారు, ఇప్పుడేమి మిగిలింది అని ఉంది. అంతవరకు ఏమీ సర్దకుండా కూర్చున్న మా అత్తగారు అప్పుడు నోరు విప్పారు. "ఓడ ఎక్కేముందు మా అమ్మ చేతి గాజులు తీయించేశారమ్మా. బైబిలు ఒక్కటీ ఉంచుకోనిచ్చారు" అన్నారు.

ఆమె బర్మాలోని (నేటి మయన్మార్) రంగూనులో పుట్టారు. 1962లో సైన్యం అధికారం చేజిక్కించుకుని, ఆ తరువాత దుకాణాలనూ వ్యాపారాలనూ జాతీయం చేసి, 1964లో పెద్ద నోట్లను రద్దు చేసినప్పుడు బర్మాలోని భారతీయులు లక్షల సంఖ్యలో తిరిగివచ్చేశారు. అలా తొమ్మిదేళ్ల వయసులో వచ్చిన ఆమె విశాఖ కంచరపాలెంలో, అలా వచ్చినవారు స్థిరపడిన బర్మా క్యాంపులో పెరిగారు. ఈ సంగతులు నాకు తెలియనివి కావు, కానీ గాజుల మాట మాత్రం పెళ్లయిన పదహారేళ్లలో నేను విన్నది అదే మొదటిసారి. ఒక పాఠం ఇంట్లోనే ఉన్న మనిషి చేత ఇంత మాట పలికించగలిగిందంటే దాన్ని కూర్చినవారి నేర్పును మెచ్చుకోక తప్పదు.

నా ప్రధానమైన ఫిర్యాదు పుట్టినదీ అక్కడే. విశాఖలో అచ్చయిన ఈ పుస్తకంలో సిరియా ఉంది, ఉక్రెయిన్ ఉంది, దక్షిణ సూడాన్ ఉంది. బర్మా తెలుగువారి ఊసే లేదు. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడిన తరువాత, 1942లో అడవులూ కొండలూ దాటుకుంటూ కాలినడకన భారతదేశానికి బయలుదేరిన లక్షల మందిలో మన తీరప్రాంతపు కూలీలు కూడా ఉన్నారు. వారిలో వేలాదిమంది దారిలోనే చనిపోయారు. ఇవి లేకపోవడం వల్ల శరణార్థి అంటే ఎక్కడో దూరాన చిరిగిన బట్టలతో ఫోటోలో నిలబడినవాడు, మనం జాలిపడి కానుక పంపవలసినవాడు అనే భావనే పిల్లలలో నిలుస్తుంది.

మరికొన్ని చోట్ల సవరణ అవసరం. మూడవ పాఠం ప్రపంచంలో 12 కోట్లమంది శరణార్థులు ఉన్నారంటుంది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2024 చివరికి చెప్పిన 12 కోట్ల పైచిలుకు లెక్క బలవంతంగా ఇల్లు వదిలినవారందరిదీ. వారిలో ఎక్కువమంది సొంత దేశంలోనే మరోచోట తలదాచుకున్నవారు, దేశం దాటిన శరణార్థులు దాదాపు మూడోవంతు. నాలుగవ పాఠం బైబిలు రూతు గ్రంథంలో కరవు వల్ల మోయాబుకు వెళ్లిన నయోమి కుటుంబాన్నీ, హింసకు భయపడి పారిపోయినవారినీ ఒకే గాటన కట్టింది. పని కోసం చెన్నై వెళ్లే శ్రీకాకుళం కూలీ కూడా శరణార్థేనా అని మా అమ్మాయి అడిగితే పుస్తకంలో సమాధానం దొరకలేదు. సంఖ్యాకాండంలోని ఆశ్రయపురాలను శరణార్థి శిబిరాలతో పోల్చడం మరీ తొందరపాటు. అవి పొరపాటున ఒకరి ప్రాణం తీసినవాడు పగతీర్చుకునేవారి నుండి తప్పించుకోవడానికి ఏర్పరచినవి.

ప్రార్థన కార్డుల విషయంలో నాకు కలిగినది నిరాశ కాదు, నొచ్చుకోవడం. 2021 ఫిబ్రవరి సైనిక తిరుగుబాటు తరువాత మయన్మార్ నుండి మిజోరాం చేరిన చిన్ తెగ ప్రజల కోసం మూడు కార్డులు ఉన్నాయి. అవి బాగున్నాయి, వారిని ఇళ్లలో చేర్చుకున్న మిజో సంఘాల ప్రస్తావన కూడా ఉంది. అదే మయన్మార్ నుండి 2017లో ఏడు లక్షలకు పైగా బంగ్లాదేశ్ చేరిన రోహింగ్యాల కోసం ఒక్క కార్డూ లేదు. రోహింగ్యాలు వేలమంది మన హైదరాబాదు బాలాపూర్ పరిసరాలలోనే ఉంటున్నారు. మొదటివారు క్రైస్తవులు, రెండవవారు ముస్లింలు అన్నది తప్ప ఈ తేడాకు మరో కారణం నాకు కనబడలేదు. పుస్తకం అట్ట మీద అచ్చువేసిన లేవీయకాండం 19:34 పరదేశిని ప్రేమించమన్నదే గాని, వాని మతమేమిటో అడగమనలేదు.

అచ్చు శుభ్రంగా ఉంది, భాష సరళంగా ఉంది. పటం మాత్రం రెండు మడతలకే చిరిగిపోయింది, సరిహద్దు గీతలు దీపం వెలుగులో కనిపించవు. ఏడేళ్లలోపు పిల్లలకు ఐదవ పాఠంలోని పడవ మునక కథ చదివి వినిపించకపోవడమే మేలు. మా అబ్బాయి ఆ రాత్రి మా గదిలోనే పడుకున్నాడు. పుస్తకం చివర కుటుంబం స్వయంగా రాసుకునేందుకు వదిలిన రెండు ఖాళీ పేజీలు మా అత్తగారు చెప్పిన మాటలకు చాలలేదు, అమ్మాయి విడిగా ఒక నోటుబుక్కు తెచ్చుకుంది.