‘ఐసొలేటెడ్’ అని రాసి ఉందని ఆర్‌ఎస్‌485 కన్వర్టర్ కొంటున్నారా? జాగ్రత్త

ఎనర్జీ మీటర్లు, వీఎఫ్‌డీలు (మోటార్ వేగం మార్చే డ్రైవ్‌లు) ల్యాప్‌టాప్‌కి కలపడానికి యూఎస్‌బీ–ఆర్‌ఎస్‌485 కన్వర్టర్ కొనేవాళ్లు దయచేసి ఇది చదవండి. ఆర్‌ఎస్‌485 అంటే ఇలాంటి పరికరాలు ఏ, బీ అనే రెండు వైర్ల మీద డేటా పంపుకునే పద్ధతి. ‘ఐసొలేటెడ్, ఇండస్ట్రియల్ గ్రేడ్’ అని పెట్టి అమ్ముతుంటే, మామూలు దానికంటే బాగా ఎక్కువ పెట్టి ఆన్‌లైన్‌లో ఒకటి కొన్నాను. లోపల ఐసొలేషన్, అంటే ల్యాప్‌టాప్ వైపుకీ మీటర్ల వైపుకీ మధ్య కరెంటు నేరుగా దాటకుండా విడదీసే ఏర్పాటు, అన్నదే లేదు. నా ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టు పోయింది.

గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో ప్యానెల్ మీటర్ల రీడింగులు మోడ్‌బస్ (మీటర్లను డేటా అడిగే భాష) మీద తీసుకుంటున్నాం. రీడింగులు చక్కగా వస్తున్నాయి. కంప్రెసర్ స్టార్ట్ అయ్యేసరికి వరసగా టైమౌట్లు. కన్వర్టర్ పట్టుకుంటే చెయ్యి కాలింది. ఆ తర్వాత ఆ పోర్టులో మౌస్ పెట్టినా పలకలేదు.

ఆర్‌ఎస్‌485 ప్రమాణం ప్రకారం ఏ, బీ వైర్ల మీద వోల్టేజీ, చిప్ గ్రౌండ్‌తో పోలిస్తే, మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల మధ్య ఉంటేనే చిప్ పనిచేయాలి. పెద్ద మోటార్లున్న చోట రెండు వైపుల గ్రౌండ్ల మధ్య తేడా వచ్చి ఆ హద్దు దాటడం మామూలే. అసలు ఐసొలేటెడ్ కన్వర్టర్ కొనేదే అందుకు. ఐసొలేషన్ లేకపోతే ఆ తేడా వల్ల పారే కరెంటు నేరుగా యూఎస్‌బీ గ్రౌండ్‌లోకి వస్తుంది.

డబ్బా విప్పి చూస్తే ఒక సీహెచ్340 (యూఎస్‌బీని సీరియల్ డేటాగా మార్చే) చిప్, పక్కన నంబరు గీకేసిన ఎనిమిది కాళ్ల ఐసీ, నాలుగు రెసిస్టర్లు, అంతే. నిజమైన దాంట్లో ఆప్టోకప్లర్లో, ఐసొలేటర్ ఐసీయో (కరెంటు దాటకుండా సిగ్నల్‌ని మాత్రం దాటించే భాగాలు) ఉండాలి. అవతలి వైపుకి కరెంటు ఇవ్వడానికి చిన్న డీసీ–డీసీ మాడ్యూల్ ఉండాలి. బోర్డు మధ్యలో రాగి గీత ఒక్కటీ దాటని ఖాళీ పట్టీ కనబడాలి. ఇందులో ఏదీ లేదు. సీహెచ్340 మీద నాకు ఫిర్యాదు లేదు, అది చవకైన చిప్పే గానీ పని బాగానే చేస్తుంది. లేనిదాన్ని ఉందని అమ్మడం మీదే నా కోపమంతా. అమ్మినతనికి ఫొటోలు పంపితే ‘మీరు ఏ, బీ వైర్లు తిరగేసి ఉంటారు’ అన్నాడు. ఇది పచ్చి అబద్ధం. ఏ, బీ తారుమారైతే డేటా రాదు, అంతేగానీ ఏదీ కాలదు. పైగా ఒక కంపెనీ ఏ అన్నదాన్ని ఇంకో కంపెనీ బీ అంటుంది. సైట్‌లో రెండు వైర్లూ మార్చి చూడటం రోజూ చేసే పనే.

కాబట్టి పార్సిల్ రాగానే, దేన్నీ కలపకముందే మల్టీమీటర్ తీసి బీప్ మోడ్‌లో పెట్టండి. ఒక ప్రోబ్ యూఎస్‌బీ ప్లగ్ గ్రౌండ్ పిన్ మీద, రెండోది టెర్మినల్‌లో జీఎన్‌డీ (గ్రౌండ్) మీద పెట్టండి. బీప్ వస్తే వెంటనే రిటర్న్ పెట్టేయండి. జీఎన్‌డీ టెర్మినల్ లేకపోతే రెండో ప్రోబ్‌ని ఏ మీద, తర్వాత బీ మీద పెట్టి రెసిస్టెన్స్ చూడండి. కిలోఓమ్‌లలో ఏదైనా చూపిస్తే అది ఐసొలేటెడ్ కాదు. ఓఎల్ (కొలవలేనంత ఎక్కువ) అనో, మెగాఓమ్‌లలోనో రావాలి. పనిలో పనిగా ఏకి బీకి మధ్య కూడా కొలవండి. 120 ఓమ్‌లు వస్తే టర్మినేషన్ రెసిస్టర్ (లైన్ చివర సిగ్నల్ వెనక్కి తిరగకుండా ఆపేది) లోపలే ఉన్నట్టు. లైన్ చివర వాడితే మంచిదే, మధ్యలో కలిపితే మాత్రం దాన్ని తీయాల్సిందే.

రిటర్న్ గడువు అయ్యేదాకా కవర్ పారేయకండి. ‘ఐసొలేటెడ్’ అని కనబడేలా ప్రొడక్ట్ పేజీ స్క్రీన్‌షాట్ ముందే తీసి పెట్టుకోండి, నేను ఫిర్యాదు చేయగానే ఆ మాట పేజీలోంచి మాయమైంది. అమ్మినవాళ్లు డబ్బు వెనక్కి ఇవ్వకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. నేనూ బిల్లు, బోర్డు ఫొటోలు, స్క్రీన్‌షాట్‌తో అక్కడే ఫిర్యాదు పెట్టాను.