పన్నెండేళ్ల రొస్సీనియా, పదహారేళ్ల మెండెల్‌సన్నా?

"పన్నెండేళ్ల పిల్లాడు రాశాడట" అని ముందే చెబితే ఏ సంగీతానికైనా మనసులోనే ఓ పది మార్కులు కలిపేస్తాం. ఆ మార్కులు తీసేసి వింటే ఏది నిలబడుతుంది?

ఇటలీ సంగీతకర్త రొస్సీని 1804లో ఆరు సొనాటాలు (పాట లేకుండా వాయిద్యాల మీదే వాయించే రచనలు) రాశాడు. రావెన్నా దగ్గర ట్రియోస్సీ అనే స్నేహితుడి పల్లెటూరి ఇంట్లో, మూడే రోజుల్లో రాసేశానని తర్వాత తనే చెప్పుకున్నాడు. ట్రియోస్సీ డబుల్ బాస్ (వయొలిన్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్ద వాయిద్యం) వాయించేవాడు. అందుకే ఇలాంటి నలుగురి బృందంలో మామూలుగా ఉండే వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది) వీటిలో లేదు. రెండు వయొలిన్లు, ఒక చెల్లో (వయోలా కన్నా పెద్దది, బాస్ కన్నా చిన్నది), ఒక బాస్. ఇంట్లో ఎవరున్నారో చూసుకుని వంట చేసినట్టన్నమాట. తోటివాళ్లు కుక్కల్లా వాయించారని, రెండో వయొలిన్ పట్టిన తానూ ఏమీ తక్కువ తినలేదని పెద్దయ్యాక వెక్కిరించాడు కూడా. వెక్కిరించినా, రాగాలు హాయిగా నోట్లో ఆడతాయి. కానీ మూడు సొనాటాలు వరసగా వింటే, తర్వాత ఏం వస్తుందో ముందే తెలిసిపోతుంది.

మొజార్ట్ పద్నాలుగేళ్లప్పుడు, 1770 మార్చి 15న ఇటలీలోని లోదీ ఊళ్లో రాసిన మొదటి క్వార్టెట్ (నలుగురు వాయించే రచన) కూడా విన్నాను. ముచ్చటగా ఉంది, అంతే.

జర్మన్ సంగీతకర్త మెండెల్‌సన్ ఆక్టెట్ (ఎనిమిది మంది వాయించే రచన) సంగతి వేరు. 1825 అక్టోబరులో తన వయొలిన్ గురువు ఎడువర్ట్ రీట్స్‌కి పుట్టినరోజు కానుకగా రాశాడు. నాలుగు వయొలిన్లు, రెండు వయోలాలు, రెండు చెల్లోలు. ఎనిమిది మంది ఉన్నారు కదా అని అందరినీ ఒకేసారి అరిపించడు. మూడో భాగం స్కెర్జో (వేగంగా, ఆటలా సాగే భాగం) మొత్తం గుసగుసల్లోనే నడిచి, చివరికి పొగలా తేలిపోతుంది. చివరి భాగాన్ని చెల్లో అడుగు స్వరాల్లో గబగబా అందుకుంటుంది. ఒక్కొక్కరే వచ్చి చేరతారు. ఇక్కడ వయసు గుర్తుకే రాదు. తర్వాత 1832లో ఆయన దీన్ని దిద్దాడు కాబట్టి, ఇప్పుడు మనం వినేది అచ్చంగా పదహారేళ్ల కుర్రాడి పని కాదనొచ్చు. ఒప్పుకుంటాను. అయినా నా ఓటు ఆక్టెట్‌కే.

ఒక్క చిక్కుంది. ఫోన్ స్పీకర్‌లో పెడితే ఆ చెల్లోలు వినపడక చివరి భాగం మొదలే మాయమవుతుంది. ఇయర్‌ఫోన్స్, ఓ అరగంట తీరిక ఉంటేనే పెట్టుకోండి. వంటింట్లో పని చేసుకుంటూ వినడానికైతే రొస్సీని మూడో సొనాటా చాలు.