అంకీ యాప్ రివ్యూ: జపనీస్ అయినా పాళీ అయినా కార్డులు మాత్రం తెలుగులో రాసుకోండి

ముందే చెప్పేస్తున్నా, అంకీ మీకు భాష నేర్పదు. గ్రామర్ చెప్పదు, మాట్లాడించదు, శభాష్ అనదు. మీరు రాసుకున్న ఫ్లాష్ కార్డుని (ఒకవైపు ప్రశ్న, వెనకవైపు జవాబు) సరిగ్గా మర్చిపోబోయే టైముకి తెచ్చి మొహం ముందు పెడుతుంది, అంతే దాని పని. రెండేళ్ళుగా జపనీస్ కి, ఈ మధ్య పాళీకి (పాత బౌద్ధ గ్రంథాల భాష) కూడా వాడుతున్నా. ఐదుకి నాలుగున్నర ఇస్తా, ఆ అర ఎందుకు కోశానో చివర్లో చెప్తా.

అసలు ఇది పుట్టిందే జపనీస్ కోసం. డేమియన్ ఎల్మ్స్ అనే ఆయన తను జపనీస్ నేర్చుకోడానికి 2006లో తయారుచేసుకున్న ప్రోగ్రాం, అంకీ అనే మాటకే జపనీస్ లో కంఠస్థం చెయ్యడం అని అర్థం. కంప్యూటర్ లోను ఆండ్రాయిడ్ లోను ఫ్రీ, ఐఫోన్ వాళ్ళు మాత్రం కొనుక్కోవాలి. సెట్టింగ్స్ లో ఎఫ్ఎస్ఆర్ఎస్ అని ఒకటి ఉంటుంది, 2023లో వచ్చింది, అది ఆన్ చేసుకోండి, మీరు దేన్ని ఎంత త్వరగా మర్చిపోతున్నారో చూసుకుని గ్యాప్ లెక్కేస్తుంది.

దీనికి ముందు డబ్బులు కట్టి ఇంకో యాప్ వాడాను, పేరు ఎందుకులెండి. అందులో అంతా ఇంగ్లీషు మీదుగానే చెప్తారు కాబట్టి జపనీస్ లో క్రియ వాక్యం చివర్లో వస్తుంది అన్న ముక్క మీద మూడు పాఠాలు, మనకి ఇంకెక్కడ వస్తుందట మరి! "యత్తె మిరు" అంటే ప్రయత్నించడం అని ఇంగ్లీషులో ఏదో సాగదీసి రాశారు, నాకు వారం రోజులు బుర్రకెక్కలేదు, తర్వాత ఒకరోజు స్నానం చేస్తుంటే వెలిగింది, యత్తె అంటే చేసి, మిరు అంటే చూడు, అంటే "చేసి చూడు", అక్షరాలా మనం అనే మాటే. "వసురెతె షిమత్త" కూడా అంతే, "మర్చిపోయాను"లో ఆ "పోయాను" చేసే పనే షిమత్త చేస్తుంది, అయ్యో అన్న బాధతో సహా. "అమె గ ఫురు తొ ఇత్త" చూడండి, వాన కురుస్తుంది అని అన్నాడు. తొ అంటే అచ్చంగా మన "అని". మధ్యలో గ ఒక్కటే అదనం.

ఆ రోజే అంకీలోని రెడీమేడ్ ఇంగ్లీషు డెక్ (ఎవరో చేసిపెట్టిన కార్డుల కట్ట) తీసి పారేసి మొదటి నుంచి తెలుగు అర్థాలతో సొంతంగా రాసుకోవడం మొదలుపెట్టాను. స్పీడ్ తగ్గింది కానీ గుర్తుండటం మాత్రం ఎక్కడికో వెళ్ళింది.

ఉచ్చారణలో కూడా మనకి లాభమే. ఒబసాన్ అంటే అత్తో పిన్నో, ఒబాసాన్ అంటే అమ్మమ్మ, దీర్ఘం ఒక్కటే తేడా. కితె అంటే వచ్చి, కిత్తె అంటే స్టాంపు, ఒత్తు ఒక్కటే తేడా. ట్సు అని ఇంగ్లీషులో రాసి అందరూ తంటాలు పడే అక్షరం మన "చుక్క"లో చు (పాత పుస్తకాల్లో చ మీద చిన్న గుర్తు పెట్టి రాసేవాళ్ళే, ఆ దంత్య చకారం). ఇంక వాళ్ళ అక్షరమాల వరస అ ఇ ఉ ఎ ఒ, తర్వాత క స త న హ మ య ర వ. బౌద్ధంతో పాటు సంస్కృత అక్షరాల చదువు అక్కడికి వెళ్ళి ఏర్పడ్డ వరస ఇది, హ ఒకప్పుడు ప అని తెలిస్తే మన వర్గాలు కనిపించేస్తాయి. హిరగాన అనే ఆ లిపిలో 46 అక్షరాల వరస నాకు ఒక్క పూటలో వచ్చింది.

అలాగని జపనీస్ ని తెలుగు లిపిలోనే రాసుకుంటూ కూర్చోకండి, రెండు వారాలు చాలు. హషి అని రాస్తే వంతెనా, తినే పుల్లలా, టోన్ లో తేడా మన లిపిలో కనపడదు. వ, గ పార్టికల్స్ (మన విభక్తుల్లా మాట చివర తగిలించే ముక్కలు) దగ్గర తెలుగు పూర్తిగా చెయ్యిచ్చింది, ఇప్పటికీ తప్పులే. కంజీకైతే (చైనీస్ నుంచి తెచ్చుకున్న అక్షరాలు) ఎవరూ దిక్కులేరు, రోజువారీ వాడకానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే జోయో లిస్టులో, 2010లో సవరించాక, 2136 ఉన్నాయి, అంకీ లేకపోతే నేను వందలోనే ఆగిపోయేవాణ్ణి. విడి కంజీలు కాకుండా మాటలుగా చెయ్యండి.

పాళీ సంగతి వేరే. దానికి సొంత లిపి లేదు, సింహళం, బర్మీస్, థాయ్, దేవనాగరి, దేన్లో అయినా రాస్తారు. విపశ్యన రీసెర్చ్ ఇన్స్టిట్యూట్ వాళ్ళ తిపిటక డాట్ ఆర్గ్ లో తెలుగు లిపిలోనే తిపిటకం (పాళీ బౌద్ధ గ్రంథాల సంపుటి) మొత్తం ఉంది, 1954-56లో రంగూన్ లో జరిగిన ఆరో సంగాయన (ఆ గ్రంథాల్ని సరిచూసే భిక్షువుల సభ) పాఠం, అక్కణ్ణించి కాపీ చేసి కార్డులో పేస్ట్ చెయ్యడమే. నా మొదటి కార్డు "బుద్ధం సరణం గచ్ఛామి", శ, ష లేవు ఉన్నది ఒక్క స అని అందులోనే తెలిసిపోయింది. స్కూల్లో మార్కుల కోసం బట్టీ పట్టిన ప్రకృతి వికృతులు ఉన్నాయే, అవి ఇన్నాళ్ళకి పనికొచ్చాయి! అగ్ని అగ్గి, పాళీలోనూ అగ్గి. పక్షి పక్కి, పాళీలో పక్ఖి. భిక్ష బిచ్చం, పాళీలో భిక్ఖా. ధ్యానం పాళీలో ఝాన, చైనీస్ లో చాన్, జపనీస్ కి వచ్చేసరికి జెన్, అది తెలిశాక రెండు డెక్కుల్లోనూ ఒకే ట్యాగ్ పెట్టుకున్నా. విభక్తి పట్టికలు మాత్రం కార్డులుగా చెయ్యొద్దు, బుద్ధస్స అంటే బుద్ధుడికా బుద్ధుడిదా అనేది వాక్యం ఉంటేనే తేలుతుంది.

ఒక జాగ్రత్త. రోజుకి కొత్త కార్డులు 20 అని డిఫాల్ట్ ఉంటే నేను ఉత్సాహంగా 50 పెట్టాను, మధ్యలో పది రోజులు జ్వరం, తిరిగొచ్చేసరికి 900 పైన రివ్యూలు, అంటే మళ్ళీ చూడాల్సిన కార్డులు. తప్పు నాదే. ఇప్పుడు రోజుకి ఎనిమిదే.

ఆ అర మార్కు ఎందుకంటే, ఇందులో మార్చుకోదగ్గవి మరీ ఎక్కువ. రంగులు, టెంప్లేట్లు, ట్యాగులు, అవన్నీ సర్దుతుంటే చదువుతున్నట్టే ఉంటుంది. నిన్న రాత్రి పాళీ కార్డులకి తెలుగు ఫాంట్ ఏది బావుంటుందా అని గంటన్నర చూశాను, 63 రివ్యూలు అలాగే ఉన్నాయి.