ఫారిన్ వెళ్తూ "అన్‌లిమిటెడ్" రోమింగ్ ప్యాక్ కొంటున్నారా, ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి

నిన్న సాయంత్రం జరిగింది ఇది, రాత్రంతా నిద్ర పట్టలేదు, ఇప్పటికీ టైప్ చేస్తుంటే చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. హైదరాబాద్ కేపీహెచ్‌బీలో మెట్రో పిల్లర్ల పక్కన సిమ్ములు, రీఛార్జీలు, ఫారిన్ రోమింగ్ ప్యాకులు అమ్మే షాపు. పేరు రాయను, కానీ మన వైపు ఉండేవాళ్ళకి ఈపాటికి అర్థమైపోయే ఉంటుంది, మనలో చాలామంది అక్కడే చేయించుకుంటాం కదా.

"మీరు అడగలేదు కదా మేడమ్."

ఆ షాపులో అబ్బాయి ఈ ఒక్క మాట అన్నాడు నన్ను. డబ్బులు పోతే పోయాయి, ఈ మాట మాత్రం గొంతులో ముల్లులా గుచ్చుకుని కూర్చుంది.

ఎందుకంటే నేను అడిగాను. ఒకసారి కాదు, రెండుసార్లు అడిగాను. పదిహేను రోజుల క్రితం అదే కౌంటర్ దగ్గర, అమ్మ పక్కనే కుర్చీలో కూర్చుని ఉండగా అడిగాను. "తమ్ముడూ, రోజుకి ఇంత అని లిమిట్ ఏమైనా ఉందా, అది దాటితే స్లో అయిపోద్దా" అని. "అట్లేం లేదక్కా, అన్‌లిమిటెడ్ అంటే అన్‌లిమిటెడే, ఫుల్లు స్పీడు" అన్నాడు. నాకు అనుమానం తీరక డబ్బులు కట్టే ముందు ఇంకోసారి అడిగితే, "మా బావక్కూడా ఇదే వేసి పంపిన అక్కా, నా మీద నమ్మకం లేదా" అన్నాడు. ఆ మాటతో ఇంక అడగబుద్ధి కాలేదు, మనిషి ముఖం మీదే నమ్మట్లేదు అన్నట్టు ఉంటుందని. అమ్మకి మంచినీళ్ళు తెప్పించాడు, "పెద్దమ్మా, సింగపూర్ మొత్తం వీడియో కాల్‌లో మీ వాళ్ళకి చూపించొచ్చు" అన్నాడు. గోడ మీద పోస్టర్‌లో కూడా అన్‌లిమిటెడ్ అని అరచెయ్యంత అక్షరాలు. మూడు వేల చిల్లర కట్టి బయటికొచ్చాం.

వెళ్ళింది నేను, అమ్మ, మా ఎనిమిదేళ్ళ బాబు. మా ఆయనకి లీవు దొరకలేదు. అమ్మ అరవై మూడేళ్ళ వయసులో మొదటిసారి పాస్‌పోర్ట్ చేయించుకుని, మొదటిసారి ఫ్లైట్ ఎక్కింది. అందుకే అన్నీ జాగ్రత్తగా చూసుకున్నాననుకున్నా. అమ్మ ఫోన్‌కి వేరే ప్యాక్ ఎందుకు, నా హాట్‌స్పాట్ ఇస్తే చాలుగా అనుకున్నా.

మొదటి రోజు చాంగీ ఎయిర్‌పోర్ట్‌లో దిగగానే బాగానే వచ్చింది. మధ్యాహ్నం అయ్యేసరికి చచ్చిపోయింది. పైన 4జీ అని ఉంది, గీతలు నిండుగా ఉన్నాయి, ఏది నొక్కినా గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తీశా, ఫోన్ రీస్టార్ట్ చేశా, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి వేరే నెట్‌వర్క్ ఎంచుకుని మళ్ళీ వెనక్కి వచ్చా, ఏం లాభం లేదు. తెల్లారి లేచేసరికి మళ్ళీ బాగుంది, మధ్యాహ్నానికి మళ్ళీ అంతే. హోటల్ వైఫైలో కూర్చుని ఆ అబ్బాయికి వాట్సాప్ చేశా. "అక్కా అక్కడ సిగ్నల్ ప్రాబ్లం ఉంటది" అని వాయిస్ మెసేజ్. ఆ తర్వాత "మీ ఫోన్ పాతది అక్కా". మూడోసారి పెట్టిన మెసేజ్‌కి నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

మూడో రోజు సాయంత్రం లిటిల్ ఇండియాలో శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్ళాం, ఫారర్ పార్క్ స్టేషన్ పక్కనే ఉంటుంది. దర్శనం బాగా అయింది, అమ్మ చాలా సంతోషపడింది. బయటికొచ్చేసరికి వాన. అక్కడి వాన చూసినవాళ్ళకి తెలుస్తుంది, చినుకులు కాదు, ఒకేసారి కుమ్మరిస్తుంది. మా హోటల్ బాలెస్టియర్ రోడ్డు వైపు, అటు మెట్రో దగ్గర్లో లేదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పొద్దున సెంటోసాలో బాగా నడిచింది, ఇంక ఒక్క అడుగు కూడా వెయ్యలేనంది. మూసి ఉన్న ఒక షాపు ముందు అరుగు మీద కూర్చోబెట్టి, కారు పిలుద్దామని అక్కడి క్యాబ్ యాప్ గ్రాబ్ తెరిచా.

మ్యాప్ రాలేదు. బూడిద రంగు గళ్ళు వచ్చాయి, మధ్యలో నీలం చుక్క ఒక్కటే ఉంది. పేజీ సగం వచ్చి ఆగిపోవడం, ఎర్రర్, మళ్ళీ మొదటినుంచి. అమ్మ చీర అంచు తడిసిపోయింది, బాబు ఆకలేస్తోందని ఏడుపు, రోడ్డు మీద పోయే టాక్సీలన్నీ నిండుగానే పోతున్నాయి. నలభై నిమిషాలు అట్లాగే నిలబడ్డా. ఇంటికి ఫోన్ చేద్దామన్నా మా ఆయన అక్కడినుంచి ఏం చేస్తారు. అమ్మ మోకాలు రెండు చేతుల్తో పట్టుకుని, నాకు కనపడకుండా తల అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంటోంది. అది చూశాక నాకు ఏడుపు ఆగలేదు.

పక్కన పూలదండలు కట్టి అమ్మే కొట్టు ఉంది. అందులో పెద్దాయన ఇదంతా చూస్తూనే ఉన్నాడు, దండ కట్టడం ఆపి అమ్మని అరవంలో ఏదో అడిగాడు. అమ్మది సూళ్ళూరుపేట వైపు, అరవం బాగా వచ్చు. అమ్మ చెప్పింది. ఆయన ఇంకో మాట అడగకుండా తన ఫోన్ తీసి హాట్‌స్పాట్ ఆన్ చేసి పాస్‌వర్డ్ నా ఫోన్‌లో ఆయనే కొట్టాడు, వేళ్ళకి మల్లెపూల తడి అంటుకుని స్క్రీన్ మీద పడింది. గ్రాబ్ రెండు సెకన్లలో తెరుచుకుంది. కారు నాలుగు నిమిషాల్లో వచ్చింది. నా ఫోన్ పాతదన్నాడు కదా ఆ అబ్బాయి, అక్కడ సిగ్నల్ లేదన్నాడు కదా. అదే ఫోన్‌లో, అదే అరుగు మీద ఎట్లా పనిచేసింది మరి?

రాత్రికి అమ్మ మోకాలు బూరెలా పొంగిపోయింది. మర్నాడు గార్డెన్స్ బై ద బే టికెట్లు ముందే కొనిపెట్టుకున్నాం, అమ్మ ఆ పూల డోమ్ చూడాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటోంది. వెళ్ళలేకపోయింది. రూమ్‌లో కాలు దిండు మీద పెట్టుకుని "మీరిద్దరూ వెళ్ళండే" అంటుంది. ఎట్లా వెళ్తాం? టికెట్లు అట్లాగే పోయాయి.

వచ్చాక షాపు వాడిచ్చిన కాగితం తీసి మొత్తం చదివా. వెనక వైపు, అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. రోజుకి 1 జీబీ వరకే హై స్పీడ్, తర్వాత 64 కేబీపీఎస్. దాని కింద ఇంకో లైను, రోజు అంటే మన ఇండియా టైమ్ ప్రకారం అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు, అంటే సింగపూర్‌లో రాత్రి రెండున్నరకి మళ్ళీ మొదలు. అందుకే పొద్దున బాగుండి మధ్యాహ్నానికి పడిపోయేది. నెట్ ఆగిపోలేదు కాబట్టి వాళ్ళ లెక్కలో అది అన్‌లిమిటెడే. కానీ 64 కేబీపీఎస్ అంటే ఎంతో లెక్కేశాను, సెకనుకి 8 కిలోబైట్లు. ఫోన్‌తో తీసిన మూడు ఎంబీల ఫోటో ఒకటి రావాలంటే ఆరు నిమిషాల పైనే పడుతుంది. దాంట్లో మ్యాపులు, క్యాబ్ యాప్‌లు ఎట్లా తెరుచుకుంటాయి?

నా తప్పు కూడా చెప్తాను, దాచుకోను. ఆ కాగితం ఫ్లైట్ ఎక్కే ముందే చదవాల్సింది, ఎయిర్‌పోర్ట్‌లో మూడు గంటలు ఖాళీగా కూర్చున్నా. ఫోన్ సెట్టింగ్స్‌లో ఏ యాప్ ఎంత వాడిందో చూస్తే, మొదటి రోజు ఫోటోల బ్యాకప్ ఒక్కటే 700 ఎంబీ తినేసింది. అంటే మనం తీసిన ప్రతి ఫోటో, బాబు తీసిన ప్రతి వీడియో వెనకాల ఎక్కిపోతూనే ఉంది. వైఫైలో మాత్రమే అని మార్చుకుని ఉంటే అయిపోయేది. అమ్మని అట్లా వానలో కూర్చోబెట్టిన దానిలో నా అజాగ్రత్త కూడా ఉంది, అది నన్ను ఎప్పటికీ వదలదు. కానీ లిమిట్ ఉందని ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఆ బ్యాకప్ సంగతి చూసుకునేదాన్ని కదా, అందుకే కదా అన్నిసార్లు అడిగింది.

ఇంక నిన్నటి సంగతి. కాగితం పట్టుకుని వెళ్ళా. అరవాలని కూడా వెళ్ళలేదు, "తమ్ముడూ, ఇట్లా ఉందని ఎందుకు చెప్పలేదు" అనే అడిగా. కాగితం వైపు చూడలేదు. "అక్కా" పోయి "మేడమ్" వచ్చేసింది. "అన్నీ రాసే ఉంటయి మేడమ్, చదువుకున్నోళ్ళే కదా" అన్నాడు. నేను అడిగా కదయ్యా అంటే, నా కళ్ళలోకి చూసి, "మీరు అడగలేదు కదా మేడమ్" అన్నాడు. రెప్ప కూడా వెయ్యలేదు. అమ్మని కూడా తీసుకొచ్చి ఉంటే బాగుండేదనిపించింది, సాక్ష్యానికి. కానీ అమ్మ ఇంకా మెట్లు దిగలేకపోతోంది. "అప్పుడు పెద్దమ్మా అన్నావే, ఆవిడ వానలో ఏడ్చింది" అని చెప్తుంటే మధ్యలోనే అటు తిరిగి పక్క కస్టమర్‌తో మాట మొదలుపెట్టాడు.

పక్కనున్నది కొత్తగా పెళ్ళైన జంట, బాలి వెళ్తున్నారట. "అన్‌లిమిటెడ్ అన్నా, ఫుల్లు స్పీడు, ఏం టెన్షన్ వద్దు." నాకు చెప్పిన మాటలే, అదే వరసలో. నేను ఆగలేకపోయా, ఆ అమ్మాయితో కాగితం వెనక చదవమ్మా అన్నా. "మేడమ్ బయటికెళ్ళి మాట్లాడుకోండి, బిజినెస్ టైమ్‌ల లొల్లి పెట్టకండి" అని అరిచాడు, షాపులో అందరూ చూస్తుండగా. ఆ అమ్మాయి మాత్రం ఏం మాట్లాడకుండా కాగితం వెనక్కి తిప్పి, ఫోన్ టార్చ్ వేసి, వేలు పెట్టి ఒక్కో లైను చదువుకుంటూ కిందికి వచ్చింది. ఒక చోట వేలు ఆగింది. "ఏవండీ, ఇది చూడండి" అంది. వాళ్ళు కొనలేదు.

మా ఆఫీసులో నెట్‌వర్క్ పని తెలిసినాయన ఒకరు ఇంకో సంగతి చెప్పారు, అందరికీ పనికొస్తుందని రాస్తున్నా. మన సిమ్ రోమింగ్‌లో ఉన్నప్పుడు డేటా మామూలుగా అక్కడి టవర్ నుంచి నేరుగా ఇంటర్నెట్‌కి పోదట, మన కంపెనీ గేట్‌వేకి (ఇంటర్నెట్‌లోకి కలిపే చోటు) ఇండియా దాకా వచ్చి, ఇక్కడినుంచి బయటికెళ్ళి, జవాబు మళ్ళీ అదే దారిలో అక్కడికి పోతుందట. అందుకని లిమిట్ దాటకపోయినా లోకల్ సిమ్ కంటే కొంచెం ఆలస్యంగానే అనిపిస్తుంది, దానికి షాపు వాణ్ణి అనడానికి లేదు. నేను అనేది లిమిట్ గురించి చెప్పిన అబద్ధం గురించే.

వెళ్ళేవాళ్ళు ఇవి చేసుకోండి, త్వరగా రాసేస్తున్నా. హై స్పీడ్ రోజుకెంత, దాటితే స్పీడ్ ఎంత, రోజు ఏ టైమ్‌కి మారుతుంది, ఈ మూడూ వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడిగి జవాబు దాచుకోండి, నోటి మాట నమ్మకండి. ఫోటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు, వాట్సాప్ ఆటో డౌన్‌లోడ్ ఇక్కడే ఆపేసుకోండి. వెళ్ళే ఊరి మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి, టికెట్ల క్యూఆర్ కోడ్‌లు, హోటల్ అడ్రస్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పెద్దవాళ్ళతో వెళ్తుంటే అక్కడ దిగగానే ఎయిర్‌పోర్ట్‌లో పాస్‌పోర్ట్ చూపించి లోకల్ సిమ్ ఒకటి తీసుకోండి, మన సిమ్ ఓటీపీల కోసం ఉంచుకుని.

నేను ఇవాళ పొద్దున ప్యాక్ ఇచ్చిన కంపెనీ కంప్లయింట్ సెంటర్‌కి ఫోన్ చేసి డాకెట్ నెంబర్ (కంప్లయింట్ నెంబర్) తీసుకున్నా. వాళ్ళ జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు వాళ్ళ అప్పిలేట్ అథారిటీకి (అప్పీలు వినే పై విభాగం) వెళ్ళొచ్చు, వెళ్తాను. షాపు మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పా. ఆ షాపులో ఈ మధ్య ప్యాక్ కొని ఇంకా ఫ్లైట్ ఎక్కనివాళ్ళు ఉంటే ఇవాళే ఆ కాగితం వెనక్కి తిప్పి కింద చూడండి. మీకూ ఇట్లాగే నోటితో వేరేలా చెప్పి ఉంటే నాకు రాయండి, నా కంప్లయింట్‌తో పాటు జతచేసి పంపిస్తా.